ఇంగ్లీషువారి పాలనలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ కతోలిక అగ్రపీఠం ఎలా ఏర్పడింది?

ప్రశ్న
రాసినవారు: ఉపదేశి, గుంటూరు

అందరికీ నమస్కారం. మా మేనకోడలు రెండేళ్లుగా కరీబియన్ ప్రాంతంలోని ట్రినిడాడ్ దీవిలో నర్సుగా పనిచేస్తున్నది. ఆమె ఈమధ్య అక్కడి రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని అమలోద్భవ మాత ప్రధాన దేవాలయం ఫొటోలు పంపి, వాటితో పాటు ఒక పెద్ద ఉత్తరం రాసింది. అది చదివిన దగ్గరనుంచి నాకు కొన్ని సందేహాలు కలుగుతున్నాయి. మా విచారణలోని (స్థానిక కతోలిక సంఘంలోని) యువతకు వచ్చే నెలలో ప్రపంచ కతోలిక సంఘాల గురించి చెప్పవలసి ఉన్నందున, తెలిసినవారిని అడిగి సరిచూసుకుని చెప్పడం మంచిదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ట్రినిడాడ్‌ను 1797 నుంచి 1962 వరకు ఇంగ్లీషువారే పాలించారు. వారి అధికార మతం ఆంగ్లికన్ మతం. ఇంగ్లండులో కతోలికుల మీద ఆంక్షలు 1829 దాకా ఉన్నాయని చదివాను. అటువంటి ప్రభుత్వం కింద, 1850 నాటికే ఆ చిన్న దీవిలో కతోలిక అగ్రపీఠం (ఆర్చిడయోసిస్) ఏర్పడటం ఎలా సాధ్యమైంది? ఇది నా మొదటి సందేహం. రెండవది, బార్బడోస్, గయానా, సురినామ్, క్యురసావ్ మేత్రాసనాలు, అంటే ఒక్కొక్క మేత్రాణుల (బిషప్పు) పాలనలోని ప్రాంతాలు కూడా ఈ అగ్రపీఠం కిందికే వస్తాయని మా అమ్మాయి రాసింది. వేరే దేశాల మేత్రాణుల మీద ఇక్కడి అగ్రపీఠాధిపతికి నిజంగా ఏమి అధికారం ఉంటుంది? మూడవది, గుడ్ ఫ్రైడే నాడు సిపారియా అనే ఊరి దేవాలయానికి హిందువులు వేల సంఖ్యలో వస్తారని ఆమె రాసింది. ఇది నిజమేనా? నిజమైతే దాని వెనుక కథ ఏమిటి?

మొదటి సమాధానం
రాసినవారు: విశ్రాంత చరిత్రాధ్యాపకుడు, రాజమహేంద్రవరం

ఉపదేశి గారికి నమస్కారం. మీ మొదటి సందేహానికి జవాబు వెతకాలంటే ఇంగ్లీషువారు రావడానికి పద్నాలుగేళ్లు వెనక్కి, 1783కు వెళ్లాలి. 1498 జులై 31న కొలంబస్ ఆ దీవిని చూసి పరమ త్రిత్వం పేరు మీద ట్రినిడాడ్ అని పిలిచాడు. 1592లో స్పెయిన్‌వారు సెయింట్ జోసెఫ్ పట్టణాన్ని స్థాపించారు. అయినా రెండు శతాబ్దాల పాటు దీవిలో జనం పెరగలేదు. 1783 నాటికి మొత్తం జనాభా 3,000 లోపే, అందులోనూ ఎక్కువమంది ఆదివాసులే. దీవిని నింపుకోవాలని స్పెయిన్ రాజు ఆ ఏడాది ఒక ఆజ్ఞాపత్రం జారీచేశాడు. ఇతర దేశాలవారు ఎవరైనా వచ్చి స్థిరపడవచ్చు, భూమి ఉచితంగా ఇస్తామని అందులో ప్రకటించాడు. దానికి పెట్టిన ముఖ్యమైన షరతు, వచ్చేవారు కతోలికులై ఉండాలన్నది. తెల్లవారికి తలకు సుమారు 32 ఎకరాలు, ఆఫ్రికా సంతతికి చెందిన స్వతంత్రులకు అందులో సగం, ఇవి కాక వెంట తెచ్చుకున్న ప్రతి బానిసకూ లెక్కగట్టి మరికొంత ఇచ్చారు. ఈ పిలుపు అందుకుని గ్రెనడా, మార్టినిక్ మొదలైన దీవులనుంచి ఫ్రెంచివారు, ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి స్వతంత్రులు, వారి వెంట బానిసలు తరలివచ్చారు. 1797 నాటికి జనాభా సుమారు 17,700 అయింది. వారిలో 10,000 మంది బానిసలు. ఈ అంకె దగ్గర కాసేపు ఆగవలసిందిగా మీ యువతకు తప్పక చెప్పండి. ఎందుకంటే మనం ఇప్పుడు కతోలిక సంఘం అని పిలుస్తున్న ఆ సమూహంలో సగానికి మించినవారు తమ ఇష్టంతో ఆ దీవికి వచ్చినవారు కారు, ఇష్టంతో జ్ఞానస్నానం పొందినవారూ కారు.

ఆ విధంగా 1797 ఫిబ్రవరిలో ఇంగ్లీషు సేనాని ఆబర్‌క్రాంబీ నౌకాదళంతో వచ్చి, స్పెయిన్ గవర్నరు చకోన్ దగ్గరనుంచి దీవిని స్వాధీనం చేసుకునే నాటికి ట్రినిడాడ్ చట్టంలో స్పెయిన్‌ది, మాటలో ఫ్రెంచిది, మతంలో కతోలికం. లొంగుబాటు ఒప్పందంలో ప్రజల మతాచరణకు ఆటంకం కలిగించబోమని ఇంగ్లీషువారు మాట ఇచ్చారు. అంతకన్నా ఆశ్చర్యం కలిగించే విషయం మరొకటి ఉంది. స్పెయిన్ చట్టాలు ఆ తరువాత కూడా చాలా కాలం అక్కడ అమలులో ఉన్నాయి. స్పెయిన్ రాజుకు తన వలసల్లోని కతోలిక సంఘం మీద పోషకుడిగా కొన్ని హక్కులు ఉండేవి. 1813లో గవర్నరుగా వచ్చిన రాల్ఫ్ వుడ్‌ఫర్డ్ తాను ప్రొటెస్టంటు అయినా ఆ హక్కులు ఇప్పుడు తనవేనని భావించి, ఆ హోదాలోనే కతోలిక వ్యవహారాల్లో కల్పించుకున్నాడు. మీ మేనకోడలు ఫొటో తీసిన ప్రధాన దేవాలయానికి 1816లో పునాదిరాయి వేసినది ఆయనే. దాని నమూనా గీసిన ఫిలిప్ రైనాగెల్ అనే వాస్తుశిల్పే అదే పట్టణంలో ఆంగ్లికన్ దేవాలయాన్ని కూడా రూపొందించాడు. కతోలిక దేవాలయం 1832లో పూర్తయింది.

ఇక రోము, అంటే పోపుగారి పాలన వైపు చూద్దాం. అంతకుముందు ట్రినిడాడ్ మొదట ప్యూర్టోరికో మేత్రాసనం కింద, 1790 తరువాత వెనిజులాలోని గయానా మేత్రాసనం కింద ఉండేది. ఇంగ్లీషు జెండా ఎగిరే దీవి స్పెయిన్ మేత్రాణుల చేతిలో ఉండటం లండనుకు రుచించలేదు. రోముకూ అది ఆచరణలో ఇబ్బందిగానే ఉండేది. అందుకని ట్రినిడాడ్‌ను విడదీసి అపోస్తలిక వికారియేటుగా (ఇంకా మేత్రాసనం కాని, పోపుగారి పేరున పాలించే ప్రాంతంగా) చేసి, జేమ్స్ బక్లీ అనే ఇంగ్లీషు గురువును (ఫాదరును) 1819లో మేత్రాణులుగా నియమించారు. ఆయన 1820లో దీవిలో అడుగుపెట్టారు. చుట్టుపక్కల చిన్న దీవుల భారం కూడా ఆయనదే. ఆయన తరువాత డానియల్ మెక్‌డొనెల్, ఆయన తరువాత రిచర్డ్ పాట్రిక్ స్మిత్ వచ్చారు. 1850 ఏప్రిల్ 30న రోము ఈ వికారియేటును పోర్ట్ ఆఫ్ స్పెయిన్ అగ్రపీఠంగా ప్రకటించి, స్మిత్ గారిని తొలి అగ్రపీఠాధిపతిని చేసింది. అదే రోజున డొమినికా దీవిలో రోజో మేత్రాసనాన్ని ఏర్పరచి దాని కింద ఉంచింది. ఇంగ్లండులో మేత్రాసన వ్యవస్థను పునరుద్ధరించినది అదే సంవత్సరం సెప్టెంబరులో. అంటే ఇంగ్లండు కంటే ఈ దీవికే అయిదు నెలలు ముందుగా అగ్రపీఠం దక్కింది.

మన ప్రాంతంతో పోల్చి చెబితే మీ యువతకు సులభంగా అర్థమవుతుంది. హైదరాబాదు 1851లో అపోస్తలిక వికారియేటు అయింది, 1886లో మేత్రాసనం అయింది, 1953లో గాని అగ్రపీఠం కాలేదు. విశాఖపట్నం 2001లో అయింది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ మాత్రం మధ్య మెట్టు లేకుండా వికారియేటునుంచి నేరుగా అగ్రపీఠానికి ఎక్కింది.

అయితే ప్రభుత్వం అంతటితో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1844లోనే ఆంగ్లికన్ మతాన్ని దీవికి అధికార మతంగా చేసింది. జనంలో ఎక్కువమంది కతోలికులుగా ఉన్నచోట చేసిన ఈ పని చాలా కాలం మనస్పర్ధలకు కారణమైంది. స్మిత్ గారు 1852లో మరణించిన తరువాత రోము ఇటలీ దేశస్థుడైన స్పక్కాపియెత్రాను పంపగా, ఆయన బ్రిటిష్ ప్రజ కాడన్న కారణంతో ప్రభుత్వం ఆయనకు జీతం ఇవ్వలేదు. చివరికి గవర్నరు ఆర్థర్ గోర్డన్ కాలంలో, 1870లో, ఆంగ్లికన్ మతానికి ఆ ప్రత్యేక హోదా తొలగిపోయింది. ఆ ఏడాదే మతసంస్థల పాఠశాలలకు ప్రభుత్వ సాయం అందే మార్గం కూడా ఏర్పడింది. నా అభిప్రాయంలో ఈ అగ్రపీఠం చరిత్రలో 1850 కంటే 1870 పెద్ద మలుపు. అప్పటినుంచి బడులే అక్కడి కతోలిక సంఘానికి వెన్నెముక అయ్యాయి.

ప్రశ్న అడిగినవారి మాట
రాసినవారు: ఉపదేశి, గుంటూరు

అయ్యా, ఎంతో ఓపికగా వివరించారు, ధన్యవాదాలు. బడుల గురించి మీరు అన్న మాట మరికొంచెం వివరిస్తే బాగుంటుంది. అలాగే పరిపాలన గురించి తెలిసినవారు ఎవరైనా రెండవ సందేహాన్ని తీర్చగలరని ఆశిస్తున్నాను.

రెండవ సమాధానం
రాసినవారు: గురువు, కృష్ణా జిల్లా

ఉపదేశి గారూ, మీ రెండవ ప్రశ్నకు నాకు తెలిసినంతవరకు చెబుతాను. అగ్రపీఠాధిపతి ముందుగా తన సొంత మేత్రాసనానికి మేత్రాణులు. అక్కడ ఆయన అధికారం సంపూర్ణం. ఆ మేత్రాసనంలో ట్రినిడాడ్, టొబాగో దీవులు రెండూ ఉన్నాయి. దానిని ఉత్తర, ఉపనగర, తూర్పు, మధ్య, దక్షిణ, టొబాగో అనే ఆరు వికారియేట్లుగా విభజించి, ఒక్కొక్కదానికి ఒక గురువును బాధ్యుడిగా నియమించారు. ఇవి అగ్రపీఠం లోపలి విభాగాలు. పైన అధ్యాపకుల వారు చెప్పిన అపోస్తలిక వికారియేటు వేరు, ఇవి వేరు. పేరు ఒకటే కావడంతో చదివేవారు తరచు పొరబడతారు. వీటన్నిటిలో కలిపి సుమారు 60 విచారణలు ఉన్నాయి. టొబాగో సంగతి కొంచెం ప్రత్యేకం. ఆ దీవి డచ్చివారు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారి మధ్య చేతులు మారి, 1889లో గాని పాలనాపరంగా ట్రినిడాడ్‌తో కలవలేదు. 1783 నాటి ఆజ్ఞాపత్రం దానికి వర్తించలేదు. అక్కడ ప్రొటెస్టంటు సంఘాలే బలంగా వేళ్లూనుకున్నాయి గనుక కతోలికులు మొదటినుంచీ తక్కువ.

ఇక బయటి మేత్రాసనాలు. బ్రిడ్జ్‌టౌన్ (బార్బడోస్), జార్జ్‌టౌన్ (గయానా), పారమారిబో (సురినామ్), విల్లెమ్‌స్టాడ్ (క్యురసావ్) అనే నాలుగు మేత్రాసనాలు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌తో కలిసి ఒక ప్రావిన్సు, అంటే ఒక అగ్రపీఠం చుట్టూ చేరిన మేత్రాసనాల సమూహం అవుతాయి. వీటి మేత్రాణులను నియమించేది పోపుగారే, వారు జవాబు చెప్పుకోవలసినదీ నేరుగా ఆయనకే. అగ్రపీఠాధిపతి విశ్వాసం, క్రమశిక్షణ సరిగా ఉన్నాయో లేదో గమనించి, లోపం కనిపిస్తే రోముకు తెలియజేస్తారు. కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో పర్యటించి విచారించగలరు. మేత్రాణులు లేని సమయంలో, అక్కడివారు గడువులోగా తాత్కాలిక పాలకుణ్ణి ఎన్నుకోకపోతే తాను నియమించగలరు. అంతకు మించి ఆ మేత్రాసనాల గురువులను బదిలీ చేయడం గాని, ఆస్తుల మీద ఆజ్ఞ ఇవ్వడం గాని ఆయన పని కాదు. హైదరాబాదు అగ్రపీఠాధిపతికి వరంగల్లు మేత్రాసనం మీద ఎంత అధికారం ఉందో, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు జార్జ్‌టౌన్ మీద అంతే ఉంది. మధ్యలో దేశ సరిహద్దు, సముద్రం ఉన్నందువల్ల మనకు అది ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ ప్రావిన్సు హద్దులు దేశాల హద్దులను అనుసరించవు. పారమారిబో, విల్లెమ్‌స్టాడ్ ఒకప్పటి డచ్చి వలసలు, రెండూ 1958లో మేత్రాసనాలయ్యాయి. జార్జ్‌టౌన్ 1837లో వికారియేటుగా మొదలై 1956లో మేత్రాసనమైంది. పక్కనే ఉన్న ఫ్రెంచి గయానా మాత్రం మార్టినిక్‌లోని అగ్రపీఠం కిందికి వెళుతుంది. ఒకప్పుడు పోర్ట్ ఆఫ్ స్పెయిన్ కింద ఉన్న రోజో, ఇతర చిన్న దీవుల మేత్రాసనాలతో కలిసి 1974లో సెయింట్ లూషియాలోని కాస్ట్రీస్ అగ్రపీఠం కిందికి మారింది. ఈ దీవులన్నిటి మేత్రాణులు కలిసి కూర్చునే ఆంటిల్లీస్ మేత్రాణుల సమాఖ్య కార్యాలయం మాత్రం పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనే ఉంది. ట్రినిడాడ్‌లోని ట్యునాపునా దగ్గర కొండ మీద, 1912లో బ్రెజిల్ నుంచి వచ్చిన బెనెడిక్టు సభ (సన్యాసుల సమాజం) వారు నెలకొల్పిన మఠం ఉంది. దాని ఆవరణలోని గురువిద్యాలయం 1943లో ప్రారంభమై, ఒక్క ట్రినిడాడ్‌కే గాక ఆ ప్రాంతమంతటికీ గురువులను తయారుచేస్తున్నది. నన్ను అడిగితే, చట్టంలో రాసి ఉన్న అధికారం కంటే ఈ విద్యాలయమే ఆ దీవులను గట్టిగా కలిపి ఉంచుతున్నది. ఒకే గదిలో చదువుకున్న గురువులు తరువాత వేర్వేరు దీవుల్లో పనిచేస్తున్నప్పుడు వారి మధ్య ఉండే చనువును ఏ ఆజ్ఞాపత్రమూ తేలేదు.

బడుల గురించి అడిగారు. 1836లో క్లూనీ నగరపు పునీత జోసెఫ్ సభ మఠకన్యలు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో బాలికల పాఠశాల ప్రారంభించారు. 1863లో పవిత్రాత్మ సభ గురువులు బాలురకు సెయింట్ మేరీస్ కాలేజీని స్థాపించారు. స్వాతంత్ర్యం దగ్గరపడినప్పుడు ఈ బడులు ఎవరి చేతిలో ఉండాలన్న వివాదం అప్పటి దేశనాయకుడు ఎరిక్ విలియమ్స్ ప్రభుత్వానికీ మతసంస్థలకూ మధ్య గట్టిగానే నడిచింది. 1960లో కుదిరిన ఒప్పందం ప్రకారం బడుల యాజమాన్యం, మత స్వభావం సంస్థలకే మిగిలాయి. దానికి బదులుగా ఉన్నత పాఠశాలల్లో 80 శాతం సీట్లను ప్రభుత్వ ప్రవేశపరీక్ష మార్కుల ప్రకారమే నింపాలి, 20 శాతం ప్రధానోపాధ్యాయుల ఎంపికకు వదిలారు. ఆ ఒప్పందం మీద అక్కడ ఇప్పటికీ చర్చ జరుగుతూనే ఉంటుంది. హిందూ, ముస్లిం సంస్థల బడులకు కూడా అదే రక్షణ లభించిందన్న సంగతి మరువరాదు.

మూడవ సమాధానం
రాసినవారు: శాన్ ఫెర్నాండోలో ఉంటున్న తెలుగు ఉపాధ్యాయురాలు

నమస్కారం అండీ. నేను కతోలికురాలిని కాను, కాని ఈ దీవి దక్షిణ భాగంలో పదకొండేళ్లుగా ఉంటున్నాను, సిపారియాకు రెండు పర్యాయాలు వెళ్లాను. మీ మేనకోడలు రాసినది నిజం. అక్కడ దివ్య కాపరిగా మరియమాత స్వరూపం ఉంది. స్పెయిన్‌వారు ఆమెను లా దివినా పాస్తోరా అంటారు. కాపుచిన్ సభ మిషనరీల కాలంనుంచి, అంటే పద్దెనిమిదవ శతాబ్దం నుంచి, ఆ ఊరు ఆమె పేరుతోనే ముడిపడి ఉంది. వెనిజులా నుంచి ఒక గురువు ఆ స్వరూపాన్ని తెచ్చాడని, అది తన ప్రాణం కాపాడిందని ఆయన చెప్పేవాడని స్థానికులు చెప్పుకుంటారు. స్వరూపం ముఖం చామనచాయగా ఉంటుంది.

1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడ మన దేశంనుంచి తొలి కూలీలను ఈ దీవికి తెచ్చింది. 1917 వరకు 1,40,000 మందికి పైగా వచ్చారు. ఎక్కువమంది కలకత్తా రేవునుంచి ఎక్కిన భోజ్‌పురి, అవధి ప్రాంతాలవారు. మద్రాసు రేవునుంచి వచ్చినవారు తక్కువ, వారిలో తమిళులతో పాటు తెలుగువారు కూడా ఉన్నారు. చెరకు తోటల్లో బతికిన ఆ మనుషులకు సిపారియా తల్లి ముఖంలో తమ అమ్మవారు కనిపించింది. సిపారీ మాయి అని పిలుచుకున్నారు. పవిత్ర గురువారం, గుడ్ ఫ్రైడే రోజుల్లో నేటికీ వేలమంది వస్తారు. నూనె, బియ్యం, పూలు సమర్పిస్తారు, బిడ్డలకు పుట్టువెంట్రుకలు అక్కడే తీయిస్తారు, బయట కూర్చున్న పేదలకు దానం చేస్తారు. కతోలికుల ఉత్సవం మాత్రం ఈస్టర్ తరువాత వస్తుంది, అప్పుడు స్వరూపాన్ని వీధుల్లో ఊరేగిస్తారు. ఒకే స్వరూపం, రెండు రకాల పూజలు, రెండు వేరు రోజులు. నేను వెళ్లినప్పుడు ఒక ముసలమ్మ తన మనుమణ్ణి ఒళ్లో పెట్టుకుని, తలకు నూనె రాస్తూ, హిందీలో ఏదో పాట మెల్లగా పాడుకుంటున్నది. అది చూసి మా ఊరి పోలేరమ్మ గుడి ముందు మా అమ్మమ్మ గుర్తుకొచ్చి కళ్లు చెమర్చాయి.

ఒక విషయంలో మాత్రం అధ్యాపకుల వారి వివరణకు కొంత చేర్చాలనిపిస్తున్నది. 1783కు ముందు ఆదివాసులు ఉన్నారని ఒక్క మాటలో దాటివేశారు. 1687 నుంచి కాపుచిన్ సభవారు వారిని మిషన్ గ్రామాల్లో చేర్చి పని చేయించారు. 1699 డిసెంబరు 1న అరేనా అనే చోట ఆదివాసులు ఆ ఒత్తిడి భరించలేక తిరగబడి, మిషన్‌లోని గురువులను, చూడవచ్చిన స్పెయిన్ గవర్నరును చంపారు. ఆ తరువాత స్పెయిన్ సైన్యం వారిని వెంటాడి అతి క్రూరంగా శిక్షించింది. దేవాలయ చరిత్ర చెప్పేవారు చనిపోయిన గురువులను వేదసాక్షులుగా, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారిగా తలచుకుంటారు. ఆదివాసుల వారసులు తమ పూర్వీకులను తలచుకుంటారు. అరీమా పట్టణంలో ప్రతి ఆగస్టులో జరిగే పునీత రోసా ఉత్సవాన్ని నేటికీ ముందుండి నడిపించేది ఆ ఆదివాసీ సంఘమే, వారిలో కతోలికులే ఎక్కువ. ఈ రెండు జ్ఞాపకాలూ ఒకే మనుషుల్లో కలిసి బతుకుతున్నాయి కాబట్టి, మీ యువతకు ఒకటి చెప్పి మరొకటి వదిలేయకండి.

మొదటి సమాధానం రాసినవారి చేర్పు
రాసినవారు: విశ్రాంత చరిత్రాధ్యాపకుడు, రాజమహేంద్రవరం

అమ్మా, మీరు చెప్పినది నూటికి నూరుపాళ్లు సరైనది. ఆ లోటును నేను ఒప్పుకుంటున్నాను. దానికి కొనసాగింపుగానే మరొక సంగతి చెప్పాలి. స్పక్కాపియెత్రా తరువాత ఇంగ్లిష్ అనే ఇంటిపేరు గల ఫెర్డినాండ్ గారు కొద్దికాలం, 1863 నుంచి డొమినికన్ సభకు చెందిన ఫ్రెంచివారు గొనాన్ గారు 1889 వరకు, ఆ తరువాత ఐర్లండుకు చెందిన డొమినికన్లు ఫ్లడ్, డౌలింగ్, ఫిన్‌బర్ రయన్ గార్లు వరుసగా 1966 వరకు పీఠాన్ని నిర్వహించారు. గొనాన్ గారి కాలంలో, 1868లో, ఫ్రాన్సునుంచి వచ్చిన డొమినికన్ మఠకన్యలు కొకోరీట్‌లోని కుష్ఠు వైద్యశాలలో సేవకు చేరారు. మరుసటి ఏడాదే పచ్చజ్వరం వచ్చి వారిలో తొమ్మిదిమంది మరణించారు. ఇంతటి త్యాగం చేసిన సంఘమే, 1850లో అగ్రపీఠం ఏర్పడిన తరువాత నూటపదిహేడేళ్లపాటు ఆ దీవిలో పుట్టిన ఒక్కరిని కూడా ఆ పీఠం మీద కూర్చోబెట్టలేదు. ఆంటొనీ పాంటిన్ గారి నియామకం 1967లో జరిగింది, 1968 మార్చిలో ఆయన అభిషిక్తులయ్యారు.

ఆ తరువాత రెండేళ్లకే, 1970 ఫిబ్రవరి 26న, నల్లజాతి ఆత్మగౌరవ ఉద్యమకారులు అదే ప్రధాన దేవాలయంలోకి ప్రవేశించి, తెల్లని స్వరూపాలకు నల్లని వస్త్రాలు కప్పారు. కొందరు దానిని అపచారంగా చూశారు. దీవిలో పుట్టినవారి ముఖం తమ దేవాలయంలో ఎక్కడా కనిపించని బాధగా నేను దానిని అర్థం చేసుకున్నాను. ఆ ఏడాదే పాంటిన్ గారి సోదరుడు, పవిత్రాత్మ సభ గురువు జెరార్డ్ పాంటిన్, క్రికెటర్ వెస్ హాల్‌తో కలిసి లావెంటిల్ కొండ మీది పేదవాడల్లో సర్వోల్ అనే సేవాసంస్థ మొదలుపెట్టారు. ఆ సంస్థ పసిపిల్లల బడులు, యువతకు వృత్తివిద్య నేర్పే కేంద్రాలు నడిపింది.

2011 జనాభా లెక్కల్లో కతోలికులు 21.6 శాతం, హిందువులు 18.2 శాతం. 2000 నాటి లెక్కల్లో కతోలికులు 26 శాతం ఉండేవారు. తగ్గినవారిలో చాలామంది పెంతెకోస్తు సంఘాల వైపు వెళ్లారు. పాంటిన్ గారి తరువాత అమెరికానుంచి వచ్చిన ఎడ్వర్డ్ గిల్బర్ట్ గారు, ఆయన తరువాత ట్రినిడాడ్‌కే చెందిన జోసెఫ్ హారిస్ గారు, 2017 నుంచి జేసన్ గోర్డన్ గారు పీఠాన్ని అధిష్ఠించారు. గోర్డన్ గారు అంతకుముందు బార్బడోస్‌లో బ్రిడ్జ్‌టౌన్ మేత్రాణులు. ఉపదేశి గారూ, మీ మేనకోడలిని 1892 నుంచి అగ్రపీఠం వెలువరిస్తున్న కాథలిక్ న్యూస్ వారపత్రిక ఒక ప్రతి పంపమని అడగండి. ఏ విచారణలో ఏమి జరుగుతున్నదో అందులో అక్కడివారి మాటల్లోనే చదవవచ్చు, మీ యువతకు చూపించనూవచ్చు.